ఇంగ్లీష్-స్పానిష్ గవర్నమెంట్ బడి: 5కి 4 ఇచ్చా, ఆ ఒక్కటి ఎందుకు కోశానంటే

ఈ మధ్య మయామీకి మూవ్ అవుతున్న మనవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న వేస్తున్నారు. పిల్లల్ని ఆ రెండు భాషల గవర్నమెంట్ స్కూల్లో వేయొచ్చా, ఇంట్లో తెలుగు బయట ఇంగ్లీష్ అంటేనే సతమతమవుతుంటే మధ్యలో స్పానిష్ కూడానా, చివరికి రెంటికీ చెడ్డ రేవడి అవరా అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రివ్యూ రాసేస్తున్నా. మా పాప కిండర్‌గార్టెన్ నుంచి ఇదే పద్ధతిలో చదువుతోంది, ఇప్పుడు మూడో గ్రేడ్. మా స్కూల్ పేరు మాత్రం రాయను, కింద కొన్ని చివాట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

అయితే ఈ పద్ధతి గురించి చెప్పాలంటే దాని పుట్టినిల్లు గురించి చెప్పకుండా కుదరదు, అదీ ఈ ఊళ్ళోనే ఉంది, పేరు కోరల్ వే. లిటిల్ హవానాకి దగ్గర్లో, రోడ్డు మధ్యలో వరసగా మర్రిచెట్లు ఉంటాయి చూడండి, ఆ రోడ్డు పేరే స్కూల్‌కీ పెట్టారు. 1936 నాటి బడి. ఇప్పుడు ఎనిమిదో గ్రేడ్ దాకా ఉంది గానీ మొదట్లో మామూలు ఎలిమెంటరీ స్కూలే.

1959లో క్యూబాలో కాస్ట్రో వచ్చాడు కదా, ఆస్తులు పోయినవాళ్ళు, పోతాయని భయపడ్డవాళ్ళు, డాక్టర్లు లాయర్లు టీచర్లు అందరూ మయామీ దారి పట్టారు. 1962 అక్టోబర్‌లో రష్యా క్యూబాలో పెట్టిన మిసైళ్ళ గొడవ వచ్చి విమానాలు ఆగిపోయేలోపు దాదాపు రెండు లక్షల మంది వచ్చేశారు, అందులో 14 వేల మందికి పైగా పిల్లలు అమ్మానాన్నా లేకుండా ఒంటరిగా విమానం ఎక్కి వచ్చినవాళ్ళు, దాన్నే ఆపరేషన్ పెడ్రో పాన్ అంటారు. వీళ్ళలో చాలామంది ఇక్కడ సెటిల్ అవుదామని రాలేదు, ఇవాళో రేపో కాస్ట్రో పడిపోతాడు మనం ఇంటికి వెళ్ళిపోతాం అనుకునేవాళ్ళు. వెళ్ళాక పిల్లలు మళ్ళీ అక్కడి బళ్ళో కూర్చోవాలి, కాబట్టి స్పానిష్ మాట్లాడ్డం ఒక్కటే వస్తే చాలదు, చదవడం రాయడం కూడా పోకూడదు. ఇక్కడ బళ్ళు నడిపే కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ళ తలనొప్పి వేరే, ఇంగ్లీష్ రాని ఇన్ని వేల మంది పిల్లలు ఒక్కసారిగా క్లాసుల్లోకి వచ్చిపడితే ఏం చేయాలి, టీచర్లని ఎక్కణ్ణుంచి తేవాలి.

దీనికోసం కోరల్ వేలో రెండు భాషల చదువు పెట్టి చూద్దామనుకున్నారు, ఫోర్డ్ ఫౌండేషన్ అనే దాతల సంస్థ మూడేళ్ళకి డబ్బులిచ్చింది. ప్రాజెక్ట్ నడపడానికి పాలీన్ రోహాస్ అనే ఆవిణ్ణి పెట్టారు, ఆవిడా ఆవిడతో పనిచేసిన రాల్ఫ్ రాబినెట్టూ ఇద్దరూ అంతకుముందు ప్యూర్టో రికోలో ఇంగ్లీష్ నేర్పే పని చేసి వచ్చినవాళ్ళే. వీళ్ళ తెలివంతా ఎక్కడుందంటే, క్యూబన్ పిల్లలకి ఇంగ్లీష్ నేర్పే స్పెషల్ స్కూల్ అని బోర్డు పెట్టకుండా అమెరికన్ పిల్లల్ని కూడా తెచ్చి అందులోనే కూర్చోబెట్టారు. సుమారు సగం మంది ఇంగ్లీష్ ఇళ్ళ పిల్లలు, సగం మంది స్పానిష్ ఇళ్ళ పిల్లలు, ఒకళ్ళకి రానిది ఇంకొకళ్ళకి వచ్చు, ఎవరూ వెనకబడ్డవాళ్ళు కాదు. నా రివ్యూ మొత్తం ఈ సగం సగం మీదే నడుస్తుంది, ముందే చెప్తున్నా.

1963 సెప్టెంబర్‌లో ఒకటి రెండు మూడు గ్రేడ్లతో మొదలుపెట్టారు. ఇష్టం లేనివాళ్ళ కోసం ఉత్త ఇంగ్లీష్ సెక్షన్లు కూడా ఉంచారు, బలవంతం ఏమీ లేదు. ఏడాది తిరిగేసరికి అవి ఎత్తేయాల్సి వచ్చింది, తల్లిదండ్రులంతా రెండు భాషలదే కావాలన్నారు. తర్వాత ఏటా ఒక గ్రేడ్ కలుపుకుంటూ ఆరో గ్రేడ్ దాకా తీసుకెళ్ళారు.

రోజు ఎలా నడిచేదంటే, పొద్దున ఎవరి భాషలో వాళ్ళకి పాఠం, మధ్యాహ్నం పొద్దున చెప్పినదాన్నే అవతలి భాషలో, వేరే టీచర్ దగ్గర. పొద్దున ఇంగ్లీష్‌లో కూడికలు అర్థమైన పిల్లకి మధ్యాహ్నం స్పానిష్‌లో కొత్తగా పట్టుకోవాల్సింది మాటలే, లెక్క ఎలాగూ వచ్చు. చిన్న గ్రేడ్లో రెండో భాష టైము తక్కువ, పైకి వెళ్ళేకొద్దీ ఎక్కువ. ఆటలూ పాటలూ బొమ్మలేయడమూ భోజనమూ మాత్రం రెండు గుంపులూ కలిసే. ఈ టైమ్‌టేబుల్ తర్వాత మారింది, 60 శాతం ఇంగ్లీష్ 40 శాతం స్పానిష్ లెక్కకి వచ్చింది, కానీ అసలు సూత్రం అదే.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఎయిడ్‌ల (టీచర్లకి సాయంగా ఉండేవాళ్ళ) సంగతి. క్యూబాలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి వచ్చినవాళ్ళకి ఇక్కడ ఫ్లోరిడా సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే టీచర్ ఉద్యోగం లేదు. అలాంటివాళ్ళని ఎయిడ్‌లుగా తీసుకున్నారు, యూనివర్సిటీ ఆఫ్ మయామీలో క్యూబన్ టీచర్ల కోసమే ఒక ట్రైనింగ్ పెట్టారు, అది పూర్తి చేసి మళ్ళీ టీచర్లయినవాళ్ళున్నారు. ఇండియాలో ఎంబీబీఎస్ చేసొచ్చి ఇక్కడ మళ్ళీ మొదటినుంచి పరీక్షలు రాస్తున్న మనవాళ్ళకి ఈ బాధ నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ ఎయిడ్‌లు పిల్లల్ని ఆటలకి పాటలకి తీసుకెళ్తే ఆ కాస్త టైములో ఇంగ్లీష్ టీచరూ స్పానిష్ టీచరూ ఇద్దరూ కూర్చుని ఎవరు ఎంత చెప్పారు రేపు ఏం చెప్పాలి అని మాట్లాడుకునేవాళ్ళు. చూడ్డానికి చిన్న ఏర్పాటే గానీ అది లేకపోతే మొత్తం కూలబడేదని నా అభిప్రాయం, ఎందుకో మా స్కూల్ గోల చెప్పినప్పుడు తెలుస్తుంది.

ఈ కథని ఇక్కడ అందరూ చాలా ముద్దుగా చెప్పుకుంటారు కాబట్టి ఇంకో ముక్క కూడా చెప్పాలి. 1963లో ఈ కౌంటీలో నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది ఇంకా విడి స్కూళ్ళలోనే ఉన్నారు. నిన్న మొన్న విమానం దిగిన క్యూబన్ పిల్లలకి తెల్లవాళ్ళ స్కూల్ గేటు తెరుచుకుంది, తరతరాలుగా ఇక్కడే ఉన్న నల్లజాతి పిల్లల్లో చాలామందికి అప్పటికి తెరుచుకోలేదు. కోరల్ వేని పొగిడేటప్పుడు ఇది మింగేసి పొగడ్డం నాకు నచ్చదు.

సరే ఇప్పుడు మా అనుభవం. మొదట్లో నాకూ భయంగానే ఉండేది, ముఖ్యంగా చదవడం విషయంలో, ఒకేసారి రెండు భాషల్లో అక్షరాలు కలిపి చదవడం ఐదేళ్ళ పిల్లకి ఎలా సాధ్యం అని. అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంది. ఒక సాయంత్రం పాప వంటింట్లో స్టూల్ మీద కూర్చుని స్పానిష్ టీచరు ఇచ్చిన షీటు మీద వేలు పెట్టుకుంటూ మ మె మి మొ ము, ప పె పి పొ పు అని పెద్దగా చదువుతోంది, అమ్మ పప్పులో తాలింపు పెడుతున్నదల్లా గరిటె ఆపి "అదేంటే, ఇది గుణింతం చదువుతోందేంటి" అంది. నిజంగా గుణింతమే. స్పానిష్‌లో చదువు అలాగే మొదలుపెడతారు, హల్లు పక్కన అచ్చు పెట్టుకుంటూ, ఎలా రాస్తే దాదాపు అలాగే పలుకుతారు కాబట్టి ఆ ముక్కలు నోటికొచ్చాక ఏ పుస్తకం ఇచ్చినా అర్థమైనా కాకపోయినా చదివేస్తారు. అమ్మకి హుషారొచ్చి పాపని పక్కన కూర్చోబెట్టుకుని క కా కి కీ మొదలుపెట్టింది. కై కొ కో కౌ దాకా వెళ్ళేసరికి పాప "అమ్మమ్మా, మీకు ఇన్నెందుకు, మాకు ఐదే" అంది. అమ్మ ఇప్పటికీ ఫోన్లో అందరికీ ఇదే చెప్తుంది.

ఆ ఏడాది క్రిస్మస్ సెలవులకల్లా పాప స్పానిష్ ముక్కలు గడగడా చదివేస్తోంది, ఇంగ్లీష్ మాత్రం ఇంకా కూడబలుక్కుంటోంది, నాకు గుండెల్లో రాయి పడింది. పేరెంట్ మీటింగ్‌లో ఇంగ్లీష్ టీచరు కంగారు పడకండి ఇంగ్లీష్ స్పెల్లింగే అంత, వచ్చేస్తుంది అంది, రెండో గ్రేడ్‌లో వచ్చేసింది కూడా. 1960ల చివర్లో కోరల్ వే పిల్లల మీద యూనివర్సిటీ ఆఫ్ మయామీలో ఒక పరిశోధన చేశారు, అందులోనూ ఇదే తేలింది, సగం రోజు స్పానిష్‌లో చదివినా ఇంగ్లీష్‌లో వీళ్ళు ఉత్త ఇంగ్లీష్ స్కూళ్ళ పిల్లలకి తీసిపోలేదు. ఇంగ్లీష్ పాడవుతుందేమో అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే, అరవై ఏళ్ళ నుంచి ఇదే ప్రశ్న, ఇదే జవాబు. స్పానిష్ మాత్రం రెండు గుంపులకీ ఇంగ్లీష్‌తో సమానంగా వచ్చేయలేదు, అది కూడా ఆ పరిశోధనలోనే ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు.

ఇక చివాట్లు. మొదటిది, రెండో గ్రేడ్ మధ్యలో మా స్పానిష్ టీచరు ఉద్యోగం మానేసింది, సరే ఎవరి కారణాలు వాళ్ళవి, కానీ బదులొచ్చిన సబ్‌స్టిట్యూట్‌కి స్పానిష్ మాట్లాడ్డం వచ్చు గానీ నేర్పడం రాదు, పాపం ఇంగ్లీష్ టీచరు ఏం చెప్తోందో ఆవిడకి తెలీదు, ఈవిడ ఏం చెప్తోందో ఇంగ్లీష్ టీచరుకి తెలీదు, ఒకే వారం ఇద్దరూ ఒకరికొకరు తెలీకుండా మొక్క భాగాలే మొదటినుంచి చెప్పారు, మళ్ళీ వారం రెంటిలోనూ సున్నా. ఇద్దరూ కలిసి కూర్చునే టైము షెడ్యూల్‌లో లేదు. ఆఫీసులో అడిగితే స్టాఫ్ లేరండి అన్నారు. 1963లో ఎయిడ్‌లని పెట్టి మరీ ఆ టైము ఎందుకు మిగిల్చారో నాకు అప్పుడు బాగా అర్థమైంది. మీరు స్కూల్ చూడ్డానికి వెళ్తే బిల్డింగు, కంప్యూటర్లు, తోట ఇవన్నీ తర్వాత, రెండు భాషల టీచర్లకీ కలిసి ప్లాన్ చేసుకునే పీరియడ్ ఉందా అని మొదట అడగండి.

రెండోది పెద్దది, మూడో గ్రేడ్. ఫ్లోరిడాలో మూడో గ్రేడ్ చివర స్టేట్ రీడింగ్ పరీక్షలో అట్టడుగు లెవెల్ వస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, అదే గ్రేడ్ మళ్ళీ చదవాలి. ఆ పరీక్ష ఇంగ్లీష్‌లోనే. ఇంకేముంది, సంక్రాంతి టైము నుంచి స్పానిష్ పీరియడ్లు ఒక్కొక్కటిగా ప్రాక్టీస్ టెస్టుల కింద కరిగిపోవడం మొదలైంది, అధికారికంగా ఎవరూ ఒప్పుకోరు, పాప బ్యాగులో కాగితాలు చూస్తే తెలిసిపోతుంది. నలభై శాతం అని బ్రోచర్‌లో రాసినది ఆ నెలల్లో ఎంత మిగిలిందో దేవుడికి తెలియాలి. ఆ ఒక్క స్టార్ ముఖ్యంగా దీనికే కోశా.

మూడోది చివాటు అనలేను, నిట్టూర్పు అనుకోండి. క్లాసులో టీచరు ముందు స్పానిష్, బెల్లు కొట్టగానే గ్రౌండ్‌లో అందరూ ఇంగ్లీషే. ఇంట్లో స్పానిష్ తప్ప ఇంకోటి మాట్లాడని పిల్లలు కూడా. క్యూబన్ పిల్లలు కూడా. వెనిజులా నుంచి మొన్న దిగిన పిల్లాడు కూడా మూడు నెలలు తిరక్కుండా ఇంగ్లీష్‌లో పోట్లాడుతున్నాడు. కోరల్ వేలో తొలి ఏళ్ళలో చూసినవాళ్ళూ ఇదే రాశారు, పిల్లలు తమలో తాము మాట్లాడుకునేది ఎక్కువగా ఇంగ్లీషేనని. చుట్టూ టీవీ ఇంగ్లీష్, సినిమా ఇంగ్లీష్, పరీక్ష ఇంగ్లీష్ అయినప్పుడు టైమ్‌టేబుల్‌లో సగం ఇచ్చినంత మాత్రాన సమానం కాదు. పాప తెలుగు కూడా ఇంతే, శనివారం మనబడికి వెళ్ళొస్తుంది, కారెక్కగానే తమ్ముడితో ఇంగ్లీష్.

అయినా నాలుగు స్టార్లు ఎందుకంటే ఆ సగం సగం వల్లే. మా పాప క్లాసులో ఎవరూ "ఇంగ్లీష్ రాని పిల్ల" అన్న ముద్ర వేసుకుని ఒక మూల కూర్చోరు. హోండురాస్ నుంచి వచ్చిన పిల్లకి పాప పొద్దున ఇంగ్లీష్‌లో సాయం చేస్తే మధ్యాహ్నం డిక్టేషన్‌లో ఆ పిల్ల పాప రాసిన మాటల మీద మర్చిపోయిన గీతలన్నీ పెట్టి ఇస్తుంది. పికప్ లైనులో ఆ పిల్ల నాయనమ్మ నన్ను చూసి ఏదో అంటుంది, నేనేదో అంటాను, మా ఇద్దరికీ మధ్య పాపే దుబాసీ, కొంత సొంత కవిత్వం కూడా కలుపుతుందని నా అనుమానం. స్పానిష్‌ని ఒక సబ్జెక్టుగా వారానికి రెండుసార్లు పెట్టే ప్రైవేట్ స్కూళ్ళలో ఇది రాదు, అక్కడ రంగుల పేర్లూ వారాల పేర్లూ వస్తాయి, అంతే.

దీని మీద రాజకీయం కూడా తక్కువేం లేదు. కోరల్ వేని చూసి వాషింగ్టన్‌లో కూడా మాట్లాడుకున్నారు, టెక్సస్ సెనేటర్ రాల్ఫ్ యార్‌బరో పట్టుబట్టి తెచ్చిన బైలింగ్వల్ ఎడ్యుకేషన్ (రెండు భాషల చదువు) చట్టం మీద 1968 జనవరిలో ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టాడు. 1973లో ఈ కౌంటీ మాది రెండు భాషల కౌంటీ అని ప్రకటించుకుంది. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి పడవల్లో లక్షా పాతిక వేల మంది దిగేసరికి ఇక్కడి ఓటర్లకే ఒళ్ళు మండి కౌంటీ డబ్బు ఇంగ్లీష్ తప్ప ఇంకో భాష మీద ఖర్చు పెట్టకూడదని ఓటేశారు, అది తీసేయడానికి 1993 దాకా పట్టింది. మధ్యలో 1988లో ఫ్లోరిడా అధికార భాష ఇంగ్లీష్ అని రాజ్యాంగంలో రాసుకున్నారు. కాలిఫోర్నియా అయితే 1998లో ఇలాంటి క్లాసులు చాలావరకు మూయించి 2016లో మళ్ళీ ఓటేసి తెరిపించింది. ఇంత గోలలోనూ కోరల్ వేలో స్పానిష్ పాఠం ఆగలేదు. ఈ గొడవ మనకి కొత్తా ఏంటి, ఆంధ్రాలో ఇంగ్లీష్ మీడియం మీద కోర్టుల దాకా వెళ్ళి, చివరికి ఒక పేజీలో తెలుగు ఎదురు పేజీలో ఇంగ్లీష్ వేసి పుస్తకాలిచ్చారు కదా. మా పిన్ని కూతురు గుంటూరు దగ్గర గవర్నమెంట్ టీచరు, పుస్తకం బానే ఉందక్కా, ఎదురు పేజీ చెప్పే టీచరే కావాలి అంటుంది. రెండు చోట్లా టీచర్ల దగ్గరికొచ్చి ఆగుతోంది కథ.

వాషింగ్టన్ డీసీ వైపు వెళ్ళేవాళ్ళు అడిగారు కాబట్టి ఒక్క ముక్క, అక్కడ ఆయ్‌స్టర్ అని ఇలాంటిదే ఇంకో పాత స్కూల్ ఉంది, 1971 నుంచి, ప్రతి క్లాసుకి ఇంగ్లీష్ టీచరొకరు స్పానిష్ టీచరొకరు అనే పద్ధతికి పేరు. దాని బిల్డింగ్ కథ సరదాగా ఉంటుంది, పాత బడి పాడుబడిపోతే అక్కడి బళ్ళు నడిపేవాళ్ళ దగ్గర డబ్బుల్లేవు, మన హైదరాబాద్‌లో పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చినట్టు స్థలంలో సగం అపార్ట్‌మెంట్ బిల్డర్‌కి ఇచ్చి మిగతా సగంలో 2001కి కొత్త బడి కట్టించుకున్నారు. తర్వాత 2007లో ఆడమ్స్ అనే ఇంకో బడితో కలిసింది. డీసీ సిటీలో ఇల్లుంటేనే సీటు, వర్జీనియా మేరీల్యాండ్ వాళ్ళు ఆశ పెట్టుకోకండి.

ఇక్కడ చేరాలంటే: ఫీజు లేదు, పబ్లిక్ స్కూలే. సెప్టెంబర్ 1కి ఐదేళ్ళు నిండాలి. అడ్రస్ ప్రూఫులు (కరెంటు బిల్లు, లీజు లాంటివి), డాక్టర్ చెకప్ ఫారం, టీకాల ఫారం అడుగుతారు. టీకాల ఫారం ఇక్కడి డాక్టరో హెల్త్ డిపార్ట్‌మెంటో ఇవ్వాలి, ఇండియా కార్డు తీసుకెళ్తే దాన్ని చూసి రాసిస్తారు, పారేసుకోకండి. కొన్ని స్కూళ్ళలో మీ ఏరియా అయితే సరిపోతుంది, మ్యాగ్నెట్ (ఏరియాతో పని లేకుండా ప్రత్యేక కోర్సుకి తీసుకునే బడి) అయితే ముందే అప్లై చేసి లాటరీ. పక్కింటివాళ్ళ పిల్లలకి వచ్చిందని మీకూ వస్తుందని లేదు. రెండో గ్రేడ్ తర్వాత కొత్తగా చేర్చాలనుకుంటే మాత్రం ఒకసారి ఆలోచించండి, అప్పటికి పిల్లలు స్పానిష్‌లో సైన్స్ చదువుతుంటారు, మధ్యలో దూకితే తల తిరుగుతుంది, స్కూలు వాళ్ళు కూడా పరీక్ష పెట్టి తీసుకుంటారు చాలా చోట్ల. హోమ్‌వర్క్‌లో మీరు సాయం చేయలేరు, అది కూడా ముందే ఒప్పుకోండి, మా ఆయన ఫోన్లో ట్రాన్స్‌లేట్ పెట్టుకుని చేసిన సాయానికి పాప ఎర్ర ఇంకు తిని వచ్చింది. మిడిల్ స్కూల్ ఎక్కడ అనేది కూడా ఇప్పుడే అడగండి, చాలా చోట్ల ఐదో గ్రేడ్‌తో స్పానిష్ ఆగిపోతుంది, కోరల్ వే లాగా ఎనిమిది దాకా లాగే బళ్ళు తక్కువ.

చిన్నాడికి కూడా ఇదే స్కూల్‌కి అప్లై చేశాం, ప్రస్తుతానికి వెయిట్‌లిస్ట్‌లో ఉన్నాడు.